గోదావరికి అడుగుల లెక్క ఉంది, మన చేనుకేది?



ఈసారి వీడియో చూసి కొంతమందికి నవ్వొచ్చి ఉంటుంది. ఎర్ర చల్కలో చెమటలు కక్కుకుంటూ ఇనుప చువ్వ గుచ్చుతూ, మంచు దేశాల గురించి మాట్లాడుతున్నానేంటి అని. వీడియోలో చువ్వ ఎలా గుచ్చాలో, థర్మామీటర్ ఎలా పెట్టాలో చూపించాను. ఎందుకు చేయాలో చెప్పడానికి అక్కడ టైం చాలలేదు. అది ఇక్కడ రాస్తున్నా.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లం మన నేలను మనమే కొలవాలి. అదే చోట, అదే నెలలో, అదే లోతులో, ఏటేటా. కొలవకుండా "మా నేల మారిపోయింది" అని చెప్పుకోవడం ఇక మానుకోవాలి.

మనకు కొలత కొత్తేమీ కాదు

భద్రాచలం వైపు చిన్న పిల్లోణ్ని అడిగినా చెప్తాడు. గోదావరి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. ఈ అంకెలు ఎవరూ పుస్తకం చూసి చెప్పరు, నోటికే ఉంటాయి.

ఆ అంకెలకు అంత విలువ ఎందుకొచ్చింది? ఒకే చోట కొలుస్తున్నారు కాబట్టి. ఒక ఏడాది భద్రాచలంలో, ఇంకో ఏడాది దుమ్ముగూడెంలో కొలిచి ఉంటే 1986ని 2022 పక్కన పెట్టి చూడగలిగేవాళ్లమా? అంకె వరదను ఆపదు. కానీ సామాను ట్రాక్టర్‌లో ఎప్పుడు వేసుకోవాలో, పశువుల్ని ఎప్పుడు మెట్టకు తోలుకోవాలో చెప్తుంది.

నదికి ఇంత లెక్క పెట్టుకున్న మనం, మూడు పూటలా అన్నం పెట్టే నేలకు మాత్రం కంటిచూపు లెక్కే వేస్తున్నాం. "మట్టి మెత్తబడిందన్నా", "వానపాములు బాగా వచ్చినయ్" అంటాం. ఎంత మెత్తబడింది? నిరుడు ఎన్ని, ఈ ఏడు ఎన్ని? అక్కడ ఆగిపోతాం.

మంచు నేలలో చువ్వ పట్టుకుని తిరిగేవాళ్లు

టండ్రా గురించి బడిలో చదువుకున్నాం. ఉత్తర ధ్రువం చుట్టూ చెట్లు పెరగని చలి ప్రాంతం. అక్కడ నేల లోపల ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉంటుంది. కనీసం రెండేళ్లు వరుసగా సున్నా డిగ్రీలకు పైకి రాని నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. వేసవిలో పైపొర మాత్రం కొంచెం కరుగుతుంది. కొన్ని చోట్ల మూరెడు, కొన్ని చోట్ల నడుము లోతు. కింద మాత్రం రాయిలా ఉంటుంది.

ఆ కరిగే పొర ఏటేటా లోతు పెరుగుతోందా లేదా అన్నది ప్రపంచానికి పెద్ద ప్రశ్న. దాన్ని తేల్చడానికి వాళ్లు వాడే ముఖ్యమైన పనిముట్లలో ఒకటి ఏంటో తెలుసా? ఇనుప చువ్వ. నిజంగా అంతే. వేసవి చివర్లో వెళ్లి చువ్వను నేలలోకి దింపుతారు. గడ్డకట్టిన పొర తగిలినచోట టక్కున ఆగుతుంది. ఎంత లోతు దిగిందో చూసి రాసుకుంటారు. 1991లో మొదలైన "సర్కంపోలార్ యాక్టివ్ లేయర్ మానిటరింగ్" అనే కార్యక్రమం కింద ఎన్నో దేశాల వాళ్లు ఒకే పద్ధతిలో ఇలా కొలుస్తున్నారు. నూరు మీటర్ల పొడవు, నూరు మీటర్ల వెడల్పు మడి తీసుకుని, పది మీటర్లకో చోట చువ్వ గుచ్చుతారు. మొత్తం 121 చోట్లు. మన లెక్కలో అది రెండున్నర ఎకరాలు. రెండున్నర ఎకరాల్లో 121 కొలతలు! మళ్లీ ఏడాది మళ్లీ అక్కడే.

చువ్వతో పాటు బోరు గుంతలు తవ్వి, వేరు వేరు లోతుల్లో ఉష్ణోగ్రత చూసే తీగలు దింపి వదిలేస్తారు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో న్యూ-ఓలెసుండ్ అనే చిన్న ఊరు ఉంది. మన దేశం 2008 జూలైలో "హిమాద్రి" పరిశోధనా కేంద్రాన్ని తెరిచింది అక్కడే. ఆ ఊరి పక్కన బాయెల్వా అనే చోట జర్మనీ వాళ్ల ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ 1998 నుంచి నేల వేడి, తేమ కొలుస్తూనే ఉంది. ఎండైనా మంచైనా ఆపలేదు. అలాస్కాలో పల్లెటూరి బడుల దగ్గర కూడా గొట్టాలు పాతి, పిల్లలతో కొలతలు రాయించిన శాస్త్రవేత్తలు ఉన్నారు.

వాళ్ల దగ్గర శాటిలైట్లు లేకనా? ఉన్నాయి. అయినా నేల లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే నేలలోకి దిగాల్సిందే. ఆ ఓపికే నన్ను ఆలోచనలో పడేసింది.

అక్కడ తాళం చలి, ఇక్కడ తాళం నీడ

మంచు నేల సంగతి మనకెందుకు అని అడగొచ్చు. ఎందుకంటే అక్కడా ఇక్కడా నడిచే సూత్రం ఒక్కటే.

టండ్రాలో వేల ఏళ్ల నుంచి చచ్చిన మొక్కల వేర్లు, ఆకులు కుళ్లకుండా మట్టిలో అట్లాగే పడి ఉన్నాయి. ఫ్రిజ్‌లో పెట్టిన కూర పాడవనట్టే. ఆ ఉత్తరాది గడ్డకట్టిన నేలల్లో సుమారు లక్షన్నర కోట్ల టన్నుల కర్బనం ఉందని శాస్త్రవేత్తల అంచనా. గాలిలో మొత్తం ఉన్న కర్బనానికి ఇది దాదాపు రెండింతలు. నేల కరిగితే సూక్ష్మజీవులు నిద్ర లేచి దాన్ని తినడం మొదలుపెడతాయి. తిన్నది కార్బన్ డయాక్సైడ్‌గా, మీథేన్‌గా గాల్లోకి పోతుంది. అందుకే ప్రపంచం అంత భయంగా చూస్తోంది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. ఏన్కూరు దాటి జూలూరుపాడు, చండ్రుగొండ వైపు వస్తుంటే అడవి అంచు చేలు కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ఎండలు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. గాలి వేడే 44, 45 డిగ్రీలకు పోతుంది. ఏ కప్పూ లేని ఎర్ర నేల పైపొర అంతకంటే ఎక్కువ కాలుతుంది. చెప్పుల్లేకుండా నడిచినవాళ్లకు తెలుసు.

డిప్లొమాలో మాకు చెప్పిన పాఠం ఒకటి గుర్తుంది. తేమ ఉన్నంతవరకు, వేడి పది డిగ్రీలు పెరిగితే మట్టిలో కుళ్లే వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. మే నెలలో నేల బొత్తిగా ఎండి ఉంటుంది కాబట్టి సూక్ష్మజీవులు పెద్దగా పని చేయవు. అసలు మంట తొలకరికి అంటుకుంటుంది. కాలిన నేల మీద మొదటి వాన పడగానే వేడి, తేమ రెండూ ఒకేసారి దొరుకుతాయి. ఒక్కసారిగా తిండి మొదలవుతుంది. అప్పుడు నేల మీద కప్పు లేకపోతే, పెట్టిన కర్బనం పెట్టినట్టే ఖర్చయిపోతుంది.

టండ్రాలో కర్బనానికి చలి తాళం వేసింది. మన సింగరేణి బొగ్గు కూడా ఒక రకంగా తాళం వేసిన కర్బనమే. కోట్ల ఏళ్ల కింద గాలి అందని చోట పూడిపోయిన చెట్లు అవి. మన పైపొర మట్టికి చలి లేదు, గాలి అందకుండా చేసే దారి లేదు. మనకు మిగిలిన తాళం నీడ. అంటే ఆచ్ఛాదన, పచ్చిరొట్ట, గట్ల మీద చెట్లు, చేను ఖాళీగా ఉండకుండా ఏదో ఒక పచ్చ వేరు.

ఇంకో విషయం వింటే మీకు సంతోషంగా ఉంటుంది. టండ్రాలో కూడా నేలను కాపాడేది ఆచ్ఛాదనే. అక్కడ నేల మీద మెత్తటి నాచు, సగం కుళ్లిన ఆకు కలిసి పరుపులా ఉంటుంది. వేసవి వేడి కిందికి దిగకుండా అదే ఆపుతుంది. మంటలు వచ్చి ఆ పరుపు కాలిపోయినా, బండ్లు తిరిగి నలిగిపోయినా, ఆ చోట నేల ఎక్కువ లోతు కరుగుతుంది. అలాస్కాలో ఎప్పుడో తిరిగిన బండ్ల జాడలు దశాబ్దాల తర్వాత కూడా కనిపిస్తున్నాయి. పాలేకర్ గారు మనకు చెప్పిన మాటను ధ్రువ ప్రాంతంలో నాచు చేసి చూపిస్తోంది. తేడా ఏంటంటే, అక్కడ ఆ పరుపు ఉంటే ఎంత లోతు, పోతే ఎంత లోతు అని కొలిచి పెట్టుకున్నారు. మనం పెట్టుకోలేదు.

అడవి వేసి పోయిన డిపాజిట్

మా వైపు చాలామందివి ఒకప్పటి పోడు భూములు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు వచ్చినవాళ్లు ఉన్నారు. ఆ నేలల సంగతి పెద్దలకు బాగా తెలుసు. చెట్టు కొట్టిన మొదటి రెండు మూడేళ్లు పంట విరగకాస్తది. తర్వాత నేల చప్పబడుతుంది. అందుకే పాతకాలంలో కోయ పెద్దలు ఒక చోట కొన్నేళ్లు వేసి, దాన్ని వదిలి ఇంకో చోటికి మారేవాళ్లు. వదిలిన నేల మళ్లీ అడవై కోలుకునేది. అది తెలివిలేని పద్ధతి అన్నవాళ్లకు నేల సంగతి తెలియదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆ మారడం లేదు. పట్టా ఎక్కడుందో చేనూ అక్కడే. ఏటా పత్తి, లేదంటే మొక్కజొన్న. కోత అయ్యాక పత్తి కట్టె, చొప్ప తగలబెట్టడం. అంటే అడవి వందల ఏళ్లు కూడబెట్టి వేసిన డిపాజిట్ మీద మనం బతుకుతున్నాం. అసలు తరిగిపోతోందో, వడ్డీతోనే గడుస్తోందో చెప్పే పాస్‌బుక్ మన దగ్గర లేదు. నేను కొలత అంటున్నది ఆ పాస్‌బుక్ గురించే. రెండెకరాల పట్టా తప్ప ఇంకేం లేని కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

"0.3 నుంచి 1.5కి" అనే వీడియోల గురించి

ఇక్కడ మనవాళ్లకే కోపం వచ్చే మాట ఒకటి చెప్పాలి.

రెండేళ్లలో సేంద్రియ కర్బనం 0.3 శాతం నుంచి 1.5 శాతానికి పెరిగిందని చెప్పే వీడియోలు మీరూ చూసే ఉంటారు. కాగితం, పెన్ను తీసుకుని లెక్కేద్దాం. ఒక ఎకరం, 15 సెంటీమీటర్ల లోతు, మామూలు చల్క నేల అయితే మట్టి బరువు దాదాపు 850 టన్నులు. అందులో 0.1 శాతం కర్బనం పెరగాలంటేనే 850 కిలోల కర్బనం ఆ మట్టిలో నిలవాలి. 1.2 శాతం పెరగాలంటే పది టన్నులకు పైగా నిలవాలి. ఎండు చెత్తలో కర్బనం 40 నుంచి 45 శాతం ఉంటుంది. ఒక్క కిలో కూడా గాల్లోకి పోకుండా నిలిచినా ఎకరానికి పాతిక టన్నుల దాకా ఎండు చెత్త కావాలి. మన వేడికి ఏడాది తిరిగేసరికి సగానికి పైగా గాల్లోకి పోతుంది కాబట్టి, నిజానికి దానికి ఎన్నో రెట్లు కావాలి. ఎకరం మొక్కజొన్న చొప్ప మొత్తం నేలకే వదిలినా మహా అయితే మూడు నాలుగు టన్నులు. మిగతాది ఎక్కడి నుంచి వచ్చింది?

జీవామృతం నుంచి అంటారా? 200 లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు మట్టి. అన్నీ కలిపినా అందులో మూడు కిలోల కర్బనం కూడా ఉండదు. 850 కిలోలు ఎక్కడ, మూడు కిలోలు ఎక్కడ! జీవామృతం పాలలో వేసే తోడు లాంటిది. పాలు లేకుండా తోడు ఒక్కటే వేస్తే పెరుగు అవుతుందా? పాలు అంటే ఇక్కడ ఆకు, అలము, చొప్ప, వేర్లు. తోడు గురించి మనం గంటలు గంటలు మాట్లాడుకుంటాం, పాల గురించి రెండు నిమిషాలు.

ఆ రైతులు అబద్ధం చెప్తున్నారని నేను అనడం లేదు. మొదటి శాంపిల్ గట్టు పక్కన తీసి ఉంటారు, రెండోది ఘనజీవామృతం వేసిన వారానికి తీసి ఉంటారు. ఒకటి ఒక ల్యాబ్‌లో, రెండోది ఇంకో ల్యాబ్‌లో చూపించి ఉంటారు. ఒకటి జానెడు లోతు, రెండోది నాలుగు వేళ్ల లోతు. అంకెలు రెండూ నిజమే, పోల్చడమే తప్పు. గోదావరిని రెండు చోట్ల కొలిచినట్టు.

దీనివల్ల నష్టపోయేది ఎవరు? ఆ వీడియో చూసి, పత్తి మానేసి, ఉన్న రెండెకరాల్లో ఒక్కసారిగా ప్రకృతి వ్యవసాయంలోకి దిగే చిన్న రైతు. రెండేళ్లకు నేల మారిపోతుందనుకుంటాడు. మారదు. అప్పుల వాడు ఇంటి ముందు కూర్చుంటాడు. మూడో ఏడు మళ్లీ యూరియా బస్తాకి లైన్‌లో నిలబడతాడు. అతను మనల్ని ఇక జన్మలో నమ్మడు. ఏడాదికి 0.02, 0.03 పెరిగినా అది గొప్ప విషయమేనని ముందే చెప్పి ఉంటే, అతను ఒక అరెకరంతో మొదలుపెట్టేవాడు.

భూసార కార్డు ఉంది కదా?

ఉంది. 2015 ఫిబ్రవరిలో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో 12 అంశాలు చూస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాల లెక్క, సేంద్రియ కర్బనం. పనికొచ్చేదే. కానీ ఆ పథకం లెక్కలో నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒక శాంపిల్, వర్షాధారం అయితే పది హెక్టార్లకు ఒకటి. పది హెక్టార్లంటే పాతిక ఎకరాలు. మా ఊరి వైపు పాతిక ఎకరాల్లో చల్క ఉంటది, దుబ్బ ఉంటది, కింద మాగాణి వైపు నల్లరేగడి ఉంటది. ఆ ఒక్క కాగితం ఎవరి చేనుది?

పైగా నేల వేడి, తేమ, నీళ్లు ఇంకే వేగం, గట్టిదనం దాంట్లో ఉండవు. ఎరువు ఎంత వేయాలో చెప్పడానికి పెట్టిన కార్డు అది. మన ప్రశ్న వేరు. వాపస ఉందా లేదా, నీడ పని చేస్తోందా లేదా అన్నది మన ప్రశ్న. దానికి కార్డు మనమే రాసుకోవాలి.

మనలో కొందరు ఇంకో మాట అంటారు. "నేలలో అన్నీ ఉన్నాయి, పరీక్షలు అక్కర్లేదని పాలేకర్ గారే చెప్పారు కదా" అని. ఆయన చెప్పింది పోషకాల గురించి. అదే నోటితో ఆచ్ఛాదన గురించి, వాపస గురించి, నేల దగ్గరి సూక్ష్మ వాతావరణం గురించి కూడా చెప్పారు. ఆ మూడూ వేడి, తేమ, గాలికి సంబంధించినవే. వాటిని కొలిస్తే ఆయన మాటను కాదన్నట్టు కాదు, పట్టించుకున్నట్టు.

మా పక్క చేను పెద్దాయన నేను థర్మామీటర్ గుచ్చుతుంటే చూసి, "ఏందిరా అబ్బాయ్, నేలకు జ్వరమొచ్చిందా?" అన్నాడు. "అదే చూస్తున్నా పెదనాన్నా" అన్నా. ఆయన కాలి వేలితో మట్టి కెలికి, రెండు రోజుల్లో విత్తనం పెట్టొచ్చా లేదా చెప్పేస్తాడు. నాకు ఆ విద్య రాదు. ఆ విద్యను కొలత ఎప్పటికీ తీసేయలేదు. కానీ ఆయన కాలు ఈ రోజు సంగతే చెప్తుంది. పదేళ్ల కింద ఇదే చోట ఎలా ఉండేదో రాసిపెట్టలేదు కదా.

ఇలా చేయండి, ఖర్చు పెద్దగా లేదు

121 చోట్లు మనవల్ల కాదు. ఎకరానికి ఐదు చోట్లు చాలు. నాలుగు మూలలకు కొంచెం లోపలగా నాలుగు, మధ్యలో ఒకటి. రాయి పాతండి, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి. వీటితో పాటు ఆచ్ఛాదన లేని చిన్న మడి ఒకటి పోలిక కోసం వదిలేయండి. గట్టు మీద పాత చెట్టు కింద ఇంకో గుర్తు పెట్టండి. నేల ఎంత బాగుండగలదో అది చెప్తుంది.

1. వేడి. పొడుగు సూది ఉన్న డిజిటల్ థర్మామీటర్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. మధ్యాహ్నం రెండింటికి, 5 సెంటీమీటర్లు, 15 సెంటీమీటర్ల లోతుల్లో చూడండి. ఏప్రిల్ నుంచి జూలై దాకా వారానికోసారి. కప్పు ఉన్నచోట, లేనిచోట తేడా చూసుకోండి. నా చేలో వచ్చిన అంకె ఇక్కడ కావాలనే రాయడం లేదు. రాస్తే దాన్ని పట్టుకుని కూర్చుంటారు. మీ నేల అంకె మీకు కావాలి.

2. చువ్వ. మంచి వాన పడిన రెండో రోజు, ఒకే మనిషి, ఒకే చువ్వతో, ఒకే బలంతో గుచ్చాలి. ఎక్కడ ఆగిందో ఆ లోతు రాసుకోండి. అక్కడ మంచు పొర దగ్గర ఆగుతుంది, ఇక్కడ ట్రాక్టర్ తొక్కి తొక్కి గట్టిపడిన పొర దగ్గర ఆగుతుంది. ఏడాదికి ఒక అంగుళం ఎక్కువ దిగినా వేరుకు అంత ఇల్లు పెరిగినట్టు.

3. ఇంకే వేగం. ఆరంగుళాల పీవీసీ పైపు ముక్క కోసి, రెండు మూడు అంగుళాలు నేలలోకి కొట్టండి. దాంట్లో సుమారు 450 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే అంగుళం వానతో సమానం. ఎన్ని నిమిషాల్లో ఇంకిందో ఫోన్‌లో చూడండి. వెంటనే రెండోసారి పోసి, రెండో అంకెనే లెక్కలోకి తీసుకోండి. ఎండిన నేల మొదటిసారి ఎలాగూ గబగబా తాగేస్తుంది.

4. తేమ. వంద గ్రాముల తడి మట్టి తూకం వేసి, పూర్తిగా ఎండాక మళ్లీ తూకం వేయండి. ల్యాబ్‌లో 105 డిగ్రీల దగ్గర ఎండబెడతారు. మనం రేకు మీద మంచి ఎండలో, బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టినా పోలికకు సరిపోతుంది. వాన ఆగిన పదో రోజు ఎంత తేమ మిగిలిందన్నదే అసలు అంకె.

5. కర్బనం. ఏటా అక్కర్లేదు, మూడేళ్లకోసారి చాలు. మే నెలలో, ఎరువు ఏదీ వేయకముందు, పైన చెత్త పక్కకు జరిపి, సరిగ్గా 15 సెంటీమీటర్ల లోతు దాకా ఐదు చోట్లా మట్టి తీసి కలపండి. నీడన ఆరబెట్టి, అర కిలో పంపండి. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కి. 0.5 కంటే తక్కువైతే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని మన దగ్గర లెక్క. వైరా, కొత్తగూడెం కృషి విజ్ఞాన కేంద్రాల్లో, అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలలో శాస్త్రవేత్తలు ఉన్నారు. శాంపిల్ తీసే పద్ధతి ఒకసారి వాళ్లను అడిగి చూసి నేర్చుకోండి.

అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఫోన్ పోతుంది, నోట్‌బుక్ బీరువాలో ఉంటుంది. తేదీ, ముందు ఎప్పుడు వాన పడింది, చేనులో ఏముంది, ఈ మూడూ పక్కన తప్పకుండా ఉండాలి. చెడ్డ అంకె వచ్చినా కొట్టేయొద్దు. అది కూడా మన నేల చెప్పిన మాటే.

ఇప్పుడే ఎందుకు?

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ప్రకృతి వ్యవసాయ జాతీయ మిషన్‌కు ఒప్పుకుంది. 2,481 కోట్ల రూపాయలు, కోటి మంది రైతులు అని చెప్పారు. డబ్బు వచ్చినచోటికి లెక్క అడిగేవాళ్లూ వస్తారు, రావాలి కూడా. "మీ పద్ధతి పని చేసిందా?" అంటే అప్పుడు మనం వీడియో చూపిద్దామా, నోట్‌బుక్ చూపిద్దామా?

ఇంకో పక్క కార్బన్ క్రెడిట్ల పేరుతో ఏజెంట్లు ఊళ్లోకి రావడం మొదలైంది. మా దగ్గరికీ ఒకాయన వచ్చాడు. ఏళ్ల తరబడి ఒప్పందం, ఇంగ్లీషు కాగితాలు, ఇక్కడ సంతకం పెట్టండి అని. ఇప్పుడు మా నేలలో కర్బనం ఎంతుందో ఎవరు కొలుస్తారు, ఎంత లోతులో అని అడిగితే "అదంతా కంపెనీ చూసుకుంటది" అన్నాడు. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. ఒక టన్ను కర్బనం దాదాపు 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే ఎకరంలో 0.1 శాతం కర్బనం పెరిగితే మూడు క్రెడిట్లు. ఈ చిన్న లెక్క తెలిసినవాడికి, మొదటి అంకె తన దగ్గర రాసి ఉన్నవాడికి బేరం ఆడే బలం ఉంటుంది. తూకం అవతలివాడి చేతిలో పెడితే పత్తి మార్కెట్‌లో ఏం జరుగుతుందో మనకు కొత్తగా చెప్పాలా?

నేను మిర్చి పొడి, కందిపప్పు నేరుగా ఇళ్లకు అమ్ముతాను. కొనేవాళ్లు ఇంతకుముందు "మందులు కొట్టలేదు కదా?" అని ఒక్కటే అడిగేవాళ్లు. ఇప్పుడు "మీ నేల నిజంగా బాగుపడుతోందా?" అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. దానికి జవాబుగా ప్యాకెట్ మీద పచ్చ ఆకు బొమ్మ వేయడం కంటే, ఐదు రాళ్ల దగ్గర మూడేళ్లు రాసిన నోట్‌బుక్ ఫొటో పెట్టడం నాకు ఇష్టం. అంకె కొంచెం తక్కువే ఉండనీ. కొనేవాళ్లు దాన్నే ఎక్కువ నమ్ముతారని నా అనుభవం.

టండ్రాలో చువ్వ గుచ్చేవాడికి ఆ నేలలో గింజ పండదు. అయినా ఏటా వెళ్లి కొలుస్తాడు. మన నేల మన పిల్లల కంచంలోకి వస్తుంది. మనం ఇంకెంత చేయాలి?

ఊరికి ఐదుగురు రైతులు ఈ తొలకరికి ముందే రాళ్లు పాతితే చాలు. మీరు పాతారా, మొదటి అంకె ఎంత వచ్చింది, మీది చల్కా, దుబ్బా, రేగడా అన్నది కింద రాయండి. తక్కువ వచ్చినవాళ్లు ముందు రాయండి, అక్కడి నుంచే మాట్లాడుకుందాం. చువ్వ గుచ్చే పద్ధతిలో అనుమానం ఉంటే వీడియో మళ్లీ చూడండి.

ఉంటాను.